సాల్ట్ అనాలిసిస్‌లో నన్ను ముంచిన కుళాయి నీళ్లు

మా కాలేజీలో ల్యాబ్‌కి ఎప్పుడూ తాళమే. ఇంటర్ సెకండియర్ ప్రాక్టికల్స్ ఇంకో రెండు వారాలున్నాయనగా తీశారు, అప్పటిదాకా సాల్ట్ అనాలిసిస్ (ఇచ్చిన లవణం ఏదో పరీక్షలు చేసి కనిపెట్టడం) అంటే మాకు రికార్డులో ఎక్కించుకున్న పట్టిక మాత్రమే. బేరియం క్లోరైడ్ వేస్తే తెల్లగా వచ్చి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరక్కపోతే సల్ఫేట్. సిల్వర్ నైట్రేట్‌కి విరిగిన పాలలా వచ్చి అమ్మోనియాలో కరిగిపోతే క్లోరైడ్. ఇలా ద్రావణంలో కరగకుండా విడిపడేదాన్ని పుస్తకంలో అవక్షేపం (ప్రెసిపిటేట్) అని రాస్తారు గానీ ల్యాబ్‌లో ఆ మాట ఎవరి నోటా వినలేదు, "పీపీటీ వచ్చిందా?" అంతే.

మొదటి రోజు నాకొచ్చిన పొట్లంలో తెల్లటి పొడి. చిటికెడు నీళ్లలో వేస్తే ఇట్టే కరిగింది, రెండు చుక్కలు సిల్వర్ నైట్రేట్ వేశాను, తెల్లబడింది. ఇంకేం, క్లోరైడ్ అని రాసేశాను. అమ్మోనియాలో కరుగుతుందో లేదో చూడాలన్న ఓపిక కూడా లేదు. ఫ్లేమ్ టెస్ట్‌లో మంట ఎర్రగా వచ్చింది, లోహమేదో వరసగా పట్టే గ్రూపు పరీక్షల్లో ఐదో గ్రూపులో అమ్మోనియం కార్బోనేట్‌కి తెల్లటి పీపీటీ దిగింది, స్ట్రాన్షియం క్లోరైడ్ అని ధీమాగా తీసుకెళ్లి చూపిస్తే సార్ క్లోరైడ్ మీద అడ్డంగా గీత గీశారు. అది నైట్రేట్ అట.

"వచ్చింది సార్, నా కళ్లతో చూశాను" అని వాదనకి దిగాను. ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఏమీ మాట్లాడకుండా ఖాళీ టెస్ట్ ట్యూబ్‌లో కుళాయి నీళ్లు పట్టి, సిల్వర్ నైట్రేట్ ఒక చుక్క వేసి నా ముందు పెట్టాడు. అదే తెలుపు! మాది బోరు నీళ్లు, నోట్లో పోసుకుంటేనే ఉప్పగా ఉంటాయి. సిల్వర్ క్లోరైడేమో లీటరు నీటిలో రెండు మిల్లీగ్రాములు కూడా కరగదు, అందుకే నీళ్లలో కాస్త క్లోరైడ్ ఉన్నా వెంటనే బయటపడిపోతుంది. "డిస్టిల్డ్ వాటర్ క్యాన్ అదిగో, నీకు కనపళ్లేదా తల్లీ" అన్నాడు. తర్వాత అసలు క్లోరైడ్ సాల్ట్‌తో చేసి చూపించాడు, ముద్దలు ముద్దలుగా అడుక్కి దిగింది. నాది ఉత్త మసక.

నా పక్కనమ్మాయిది ఇంకో కథ. సోడియం కార్బోనేట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో (సాల్ట్‌ని సోడియం కార్బోనేట్‌తో మరిగించి వడగట్టిన ద్రావణంలో) ముందు సజల నత్రికామ్లం వేసి బుసబుసలు ఆగేదాకా చూడాలి, తను ఆ పని మరిచిపోయి నేరుగా సిల్వర్ నైట్రేట్ వేసేది, ఏ సాల్ట్ ఇచ్చినా పీపీటీయే. అది సిల్వర్ కార్బోనేట్ అని తెలిసేసరికి మూడు రోజులు పోయాయి.

పరీక్ష రోజు ట్యూబ్ రెండుసార్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ముందు ఆ నీళ్లకే సిల్వర్ నైట్రేట్ వేసి చూశాను. ఎగ్జామినర్ వెనకే ఉన్నారు, "నీళ్లకెందుకమ్మా, అదేమైనా చవకా?" అన్నారు. జవాబు చెప్పేంత ధైర్యం లేక నవ్వాను.

సాల్ట్ వేడి చేస్తే చిటపటలాడి గోధుమ రంగు పొగలొచ్చాయి, నైట్రేటే అనిపించి సగం టెన్షన్ అక్కడే పోయింది. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లానికి తెల్లటి పీపీటీ, నీళ్లు పోసి మరిగిస్తే మాయం. లెడ్ అని తేలిపోయింది. సాల్ట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ వేయగానే నిండు పసుపు పీపీటీ. దాన్ని నీళ్లతో మరిగిస్తే రంగే లేకుండా పోయింది, కుళాయి కింద ట్యూబ్ బయట చల్లబరుస్తుంటే లోపల ఒక్కొక్కటే బంగారు రేకులు పుట్టి మెరుస్తూ తిరగడం మొదలుపెట్టాయి. గోల్డెన్ స్పాంగిల్స్ అని వందసార్లు బట్టీ పట్టిన మాట అదేనన్నమాట! పరీక్షని మరిచిపోయి ట్యూబ్‌ని కిటికీ వెలుగులో పెట్టుకుని చూస్తూ ఉండిపోయాను. నైట్రేట్‌ని ఖాయం చేసే బ్రౌన్ రింగ్ కూడా వచ్చింది, లెడ్ నైట్రేట్ అని రాశాను.

వైవాలో మూడో గ్రూపులో అమ్మోనియం హైడ్రాక్సైడ్‌కి ముందు అమ్మోనియం క్లోరైడ్ ఎందుకని అడిగారు. "కామన్ అయాన్ ఎఫెక్ట్" అన్నాను. "అంటే?" అన్నారు. నీళ్లు నమిలాను. తర్వాత, హైడ్రాక్సైడ్ అయాన్లు ఎక్కువైతే మెగ్నీషియం లాంటివి కూడా ఇక్కడే పీపీటీ అయిపోతాయి, ఆ హైడ్రాక్సైడ్ అయాన్లని తగ్గించడానికి సార్, అని ఎలాగో పూర్తి చేశాను.

ఇంటికెళ్లేసరికి రెండు వేళ్ల మీద సిల్వర్ నైట్రేట్ మచ్చలు నల్లగా తేలాయి. అమ్మ నిమ్మచెక్క పెట్టి రుద్దింది, పోలేదు. ఆ వేళ్లతోనే మర్నాడు ఫిజిక్స్ ప్రాక్టికల్‌కి వెళ్లాను.