10హెచ్ బస్సులో మట్టి సంచి

సికింద్రాబాద్ స్టేషన్ బయట టీ ఇరవై రూపాయలు, రెండు గుటకలు కూడా లేదు. ఆ కోపం చల్లారకముందే 10హెచ్ ఎక్కాను. కండక్టరమ్మ నా ఆధార్ కార్డు చూసి "ఆంధ్రాది, టికెట్ తీసుకోవాలి" అంది. మా వైపు 2025 ఆగస్టు 15 నుంచి నాకూ ఫ్రీయే. రూలు రూలే, ఆమెనేం అనను. కానీ చుట్టూ అందరి చేతుల్లో జీరో టికెట్లు, నేనొక్కదాన్నే పర్సు తీశాను.

కొండాపూర్‌లో మా అక్క కూతురి గృహప్రవేశానికి వచ్చాను. ఆ రెండు రోజుల గురించి రాయడానికేం లేదు, గుత్తి వంకాయ బాగుంది. రాయాల్సింది ఈ బస్సు గురించే.

పక్కన నిలబడ్డ అమ్మాయి బ్యాగుతో తూలుతుంటే "ఇలా ఇవ్వమ్మా" అని ఒళ్లో పెట్టుకున్నాను. మోకాళ్లు కుంగిపోయాయి.

"ఏంటిది, ఇటుకలా?"

"మట్టి, ఆంటీ."

హైదరాబాద్‌లో కుండీలకి కూడా మట్టి కొనుక్కుంటారని విన్నాను గానీ, రైల్లో తెచ్చుకుంటారని తెలీదు. ఆ పిల్లది మియాపూర్. డెహ్రాడూన్‌లో పైన్ తోటల మీద పీహెచ్‌డీ చేస్తోందట. అమీర్‌పేటలో పక్క సీటు ఖాళీ అయితే కూర్చుని ఒక కవరు తీసి చూపించింది. మీద స్కెచ్‌తో '2×2' అని రాసి ఉంది. మూతి విప్పితే గుప్పున టర్పెంటైన్ వాసన. మట్టిలో రాలిన పైన్ ఆకులు, గోధుమరంగు సూదుల్లా, మూడేసి ఒకే మొదట్లో అతుక్కుని.

"ఇది మా సరుగుడే కదా!" అన్నాను. బాపట్ల వైపు సముద్రం ఒడ్డున మా నాన్నకి ఎకరంన్నర సరుగుడు తోట ఉండేది.

కాదట. పైన్‌కి ఉన్నవి నిజంగా ఆకులే. సరుగుడుకి మనం ఆకులనుకునేవి సన్నటి రెమ్మలు, అసలు ఆకులు ఆ కణుపుల దగ్గర కంటికానని పొలుసులు. చిన్నప్పుడు ఆ కణుపు దగ్గర తుంచి, మళ్లీ అతికించి, ఎక్కడ తెగిందో చెప్పమని పందేలు వేసుకునేవాళ్లం. ఇన్నేళ్లూ దాన్ని ఆకనే అన్నాను.

కవరు మీది 2×2 అంటే ఆ మట్టి తీసిన తోటలో మొక్కకీ మొక్కకీ రెండు మీటర్లు, ఎకరాకి సుమారు వెయ్యి చెట్లు. మూడు మీటర్లయితే 450, నాలుగైతే 250. ఒత్తుగా వేస్తే చెట్లు ఎక్కువ కాబట్టి సారం అంతా పీల్చేస్తాయని నా లెక్క. మా నాన్న మీటరుకొకటి వేశాడు, ఎకరాకి నాలుగు వేలు. నేల చచ్చిపోతుందని ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో.

"పీల్చడం నిజమే ఆంటీ, కానీ సగం కథే అది" అంది. ఒత్తు తోటలో కొమ్మలు త్వరగా కమ్ముకుంటాయి, కింద ఎండ పడదు, నేల చల్లగా ఉంటుంది. పైన్ సూదుల్లో నత్రజని తక్కువ, పీచు గట్టి. ఆ చల్లదనంలో సూక్ష్మజీవులు వాటిని కుళ్లబెట్టలేక ఏళ్లు పడతాయి. నత్రజని, భాస్వరం కొంత చెట్లలో, కొంత ఆ సూదుల మెత్తలో ఉండిపోతాయి, వేళ్లకి అందవు. మధ్యలో కొన్ని చెట్లు తీసేస్తే ఎండ దిగి, గడ్డీ పొదలూ మొలిచి, కుళ్లడం ఊపందుకుంటుంది. మరీ పలచగా వేస్తే వాలు మీద వానకి మట్టే జారిపోతుంది.

"మరి నీ మట్టిలో ఏ దూరం మంచిదని తేలింది?"

"ఇంకా టెస్ట్ చేయలేదాంటీ. అందుకే మోసుకొచ్చా."

ఆ జవాబు నాకు నచ్చింది. యూసుఫ్‌గూడలో బస్సు కదలడం మానేసింది. అందరూ ఒకరి మీద ఒకరం ఆనుకుని ఉన్నాం. "ఇది మీ నాన్నగారి స్పేసింగ్" అని నవ్వింది.

"సరుగుడు సంగతి వేరు ఆంటీ, దాని వేళ్ల బుడిపెల్లో ఉండే జీవులు గాల్లోంచి నత్రజని తెచ్చిపెడతాయి. ఇంతకీ రాలినదంతా ఏం చేసేవాళ్లు?"

ఏం చేస్తాం! ఊడ్చి, గోతాల్లో తొక్కి, పొయ్యిలోకి. తోటలో మా అమ్మ చీపురు చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. నాలుగేళ్లకి కర్రలు కొట్టి అమ్మేసేవాళ్లం, కొమ్మలు కూడా మిగిల్చేవాళ్లం కాదు. నేలకి తిరిగి వెళ్లిందేముంది? పైన్ సూదుల్ని డెహ్రాడూన్ వైపు కొండల్లో పిరుల్ అంటారట. అక్కడి వాళ్లూ పోగుచేసి పశువుల కింద పరుస్తారట, అలాగే వదిలేస్తే వేసవిలో అడవికి మంట అంటుకుంటుందని భయం కూడానట.

మాదాపూర్‌లో బ్యాగు అందుకుని దిగిపోయింది. పేరడగలేదు. కొత్తగూడలో దిగి చూసుకుంటే కొత్త చీర కుచ్చిళ్ల మీద గోధుమరంగు మరక.

రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. ఇప్పుడు తోట వాడిదే.

"తోటలో రాలిందంతా ఇంకా ఊడ్పిస్తున్నావా?"

"గ్యాస్ వచ్చాక ఎవరూడుస్తారక్కా? మడమల్లోతు ఉంది" అని, "గృహప్రవేశం భోజనాలు ఎలా ఉన్నాయి?" అన్నాడు.