జేఎల్, సెట్ రాసేవాళ్లకు: నాస్టాక్‌లో మార్కులు పోయేది ఎక్కడంటే

జేఎల్ (జూనియర్ లెక్చరర్) బోటనీ అయినా, లెక్చరర్ అర్హత పరీక్షలైన ఏపీసెట్, నెట్ అయినా, నాస్టాక్ అనే తంతువుల సయనోబ్యాక్టీరియాను (నీలి ఆకుపచ్చ శైవలాన్ని) అరపేజీ నోట్సుతో దాటేయకండి. దీని మీద ప్రశ్న సూటిగా తక్కువ వస్తుంది. దానికి దగ్గరి ప్రజాతి అనబీనాతో తేడాగానో, హెటిరోసిస్ట్ (నైట్రోజన్‌ను స్థాపించే ప్రత్యేక కణం) పనిగానో, సహజీవనం జతపరచండిలోనో దొంగచాటుగా వస్తుంది.

ముందు కంటితో చూడండి. ఎచ్చెర్ల, ఆమదాలవలస వైపు ఉన్నవాళ్లు తొలకరి పడి నేల తడి ఆరకముందే పాత డాబాల మీద, గ్రౌండు అంచుల్లో, పొలం గట్ల మీద వెతకండి. జారుడుగా, ముదురు ఆకుపచ్చ జిగురు ముద్దలు ఉంటే నాస్టాక్ కావచ్చు, ఖాయం చేసేది మైక్రోస్కోపే. ఎండినది దొరికినా పారేయకండి, నీళ్లలో వేస్తే మళ్లీ ఉబ్బుతుంది. స్లైడుకు 2 మిల్లీమీటర్ల ముక్క చాలు. కవర్‌స్లిప్ వేశాక గట్టిగా నొక్కాలి. చాలామంది ఇక్కడే మొహమాటపడతారు. నొక్కకపోతే జిగురులో తంతువులు ఒకదాని మీద ఒకటి పడి పచ్చటి మసక తప్ప ఏమీ కనబడదు.

40ఎక్స్‌లో పూసల్లాంటి కణాల మధ్య లేత రంగులో, గోడ మందంగా ఉన్నది హెటిరోసిస్ట్. దాని కొనల్లో మెరిసే చుక్కలు పోలార్ నాడ్యూల్స్. తంతువు మధ్యలో ఉన్న హెటిరోసిస్ట్‌కు రెండు, చివర ఉన్నదానికి ఒకటే. బొమ్మలో రెండు చోట్లా రెండేసి వేయకండి.

గాలిలోని నైట్రోజన్‌ను స్థాపించే ఎంజైము నైట్రోజినేజ్‌కు ఆక్సిజన్ పడదు. అందుకే హెటిరోసిస్ట్‌లో కిరణజన్య సంయోగక్రియలో నీటిని విడగొట్టే ఫొటోసిస్టమ్ 2 పనిచేయదు, ఆక్సిజన్ విడుదల కాదు. ఫొటోసిస్టమ్ 1 మాత్రం ఉంటుంది, ఏటీపీ అక్కడి నుంచే. ఆప్షన్లలో ఈ రెండింటినీ తారుమారు చేసి ముంచుతారు. కార్బన్ స్థాపన కూడా అక్కడ జరగదు కాబట్టి పక్క కణాల నుంచి చక్కెర వస్తుంది, బదులుగా గ్లుటమిన్ రూపంలో నైట్రోజన్ వెళ్తుంది. నైట్రోజన్ కొరత పడితే 2-ఆక్సోగ్లుటరేట్ పేరుకుంటుంది, అది ఎన్‌టీసీఏ అనే నియంత్రక ప్రొటీన్ ద్వారా హెటిరోసిస్ట్ తయారీని మొదలుపెట్టే హెట్ఆర్‌ను లేపుతుంది. పాట్ఎస్ అనే పెప్టైడ్ పక్క కణాలు హెటిరోసిస్టులుగా మారకుండా ఆపుతుంది. అందుకే హెటిరోసిస్టులు సుమారు 10–20 కణాలకు ఒకటి చొప్పున ఎడంగా ఉంటాయి. ల్యాబ్‌లో బీజీ-11 అనే పెంపక ద్రావణంలో పెంచి హెటిరోసిస్టులు లేవని గాభరా పడకండి. అందులో లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్ ఉంటుంది, ఇక వాటి అవసరమేముంది? నైట్రేట్ తీసేసిన బీజీ-11లోకి మార్చండి.

అనబీనాతో తేడాకు మూడు పట్టుకోండి. నాస్టాక్ కాలనీకి గట్టి జిగురు హద్దు ఉంటుంది. శాఖీయ తంతువులు కదలవు, హార్మోగోనియాలే (తంతువు నుంచి విడిపోయే చిన్న ముక్కలు) కదులుతాయి, వాటిలో హెటిరోసిస్టులు ఉండవు. అకైనీట్లు (మందమైన గోడ ఉన్న విశ్రాంతి కణాలు) రెండు హెటిరోసిస్టుల మధ్య దూరంగా మొదలై వరుసగా ఏర్పడతాయి. అనబీనా జాతులు చాలావాటిలో హెటిరోసిస్ట్‌ను ఆనుకునే కనిపిస్తాయి. పీసీసీ 7120 అనే స్ట్రెయిన్‌ను మాత్రం అనబీనా అనీ, నాస్టాక్ అనీ రెండు పేర్లతోనూ రాస్తారు, కంగారుపడొద్దు.

ఇంకో ఉచ్చు: నాస్టాక్ కమ్యూన్ అనే జాతి ఎండిపోవడాన్ని తట్టుకునేది అకైనీట్లతో కాదు, మామూలు కణాలతోనే. జిగురు, ట్రెహలోజ్ అనే చక్కెర, అతినీలలోహిత కిరణాలను పీల్చే స్కైటోనెమిన్ తోడ్పడతాయి.

వర్గీకరణ రెండు పొరలుగా చదవండి. పాత సిలబస్‌కు నాస్టకేలిస్, నాస్టకేసీ. రిప్కా బృందం 1979 పద్ధతిలో శాఖలు లేని హెటిరోసిస్ట్ రకాలు 4వ విభాగం, శాఖలున్నవి 5వది. 16ఎస్ ఆర్ఆర్ఎన్ఏ జన్యువు పోలికలు వచ్చాక ఈ ప్రజాతి ఒకే మూలం కాదని తేలి, మొహావియా (2007), డెస్మోనాస్టాక్ (2013) విడిపోయాయి. ప్రజాతి పేరు పక్కన రాసే రచయిత పేరు ‘వోషే ఎక్స్ బోర్నే, ఫ్లాహో’, అంటే పేరు మొదట వాడింది వోషే, చెల్లుబాటుగా ప్రచురించింది బోర్నే, ఫ్లాహో. వోషే 1803లో రాసినా, హెటిరోసిస్ట్ రకాల నామకరణానికి ఆరంభం 1886గా తీసుకోవడం వల్లే ఆ ‘ఎక్స్’.

సహజీవనం జతలు: ఆంథోసెరాస్ జిగురు గదులు, సైకాస్ కోరలాయిడ్ (పగడంలా కొమ్మలు వేసే) వేర్లు, పెల్టిజెరా లైకెన్, గన్నెరా అనే పుష్పించే మొక్క. గన్నెరాలో ఇది కణాల లోపలికే వెళ్తుంది, అదే అడుగుతారు. నీటి మీద తేలే ఫెర్న్ అజొల్లా దగ్గర జాగ్రత్త. కొత్త పరిశోధనల్లో అందులోని జీవిని నాస్టాక్ అజొల్లే అని కూడా అంటున్నారు. ఆప్షన్లలో అనబీనా అజొల్లే ఉంటే దాన్నే పెట్టండి, కీ పాత పుస్తకాలనే అనుసరిస్తుంది.