బొటనవేలు లేస్తోందా?

నడుం కింది భాగంలో నాలుగో పూసకీ ఐదో పూసకీ మధ్య మెత్తలా ఉండే డిస్కు ఉబ్బి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. రిపోర్టులో ఎల్‌4-ఎల్‌5 అని రాస్తారు. నాకు నడుం కంటే కాలే ఎక్కువ బాధపెట్టింది. నొప్పి పిర్రలో మొదలై, తొడ పక్కగా, పిక్క బయటివైపుగా దిగి, పాదం మీదుగా బొటనవేలి దాకా కరెంటులా పాకేది. తుమ్మితే ప్రాణం పోయినట్టుండేది. డాక్టరు నా రెండు బొటనవేళ్లనీ తన వేళ్లతో కిందికి అదిమి పట్టి, పైకి లేపమన్నారు. ఎడమది లేచింది, కుడిది లేవలేకపోయింది. ఆ డిస్కు నొక్కే నడుం ఐదో నరం నలిగితే ముందు బలం పోయేది అక్కడే.

ముందుగా ఒక మాట. మూత్రం ఆగిపోయినా, తెలియకుండానే కారిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం వేలాడిపోయినా ఆసనాల జోలికి వెళ్లకూడదు, తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. నాకు అంతదాకా రాలేదు. మందులు, రెండు రోజుల విశ్రాంతి, తర్వాత ఇంట్లోనే కొద్దికొద్దిగా నడక, ఆపైన ఫిజియోథెరపిస్టు చెప్పిన మేరకు ఆసనాలు.

మొదటి ఆరు వారాలు చేసినవి మూడే. మకరాసనంలో బోర్లా రెండు నిమిషాలు. తర్వాత మోచేతులు భుజాల కిందకి తెచ్చి, ఛాతీ లేపి, నిమిషం చొప్పున మూడుసార్లు. అది కుదిరాక సగం భుజంగాసనం: మోచేతులు వంచే ఉంచి, బొడ్డు కింది భాగం నేలని వదలకుండా, ఐదు శ్వాసలు చొప్పున ఐదుసార్లు. పిర్రలు బిగించకూడదు, తల వెనక్కి వేలాడేయకూడదు. ఇక్కడ కొలత నొప్పి ఎంతుందన్నది కాదు, ఎక్కడుందన్నది. పాదంలోది పిక్కకి, పిక్కలోది పిర్రకి ఎక్కుతుంటే, నడుం దగ్గర కాస్త పెరిగినా సరే, దారి మంచిదే. అదే మోకాలి పైనున్నది కిందికి దిగుతుంటే ఆ ఆసనం అక్కడికక్కడే ఆపేయాలి. ఈ తేడా తెలియకే చాలామంది పనికొచ్చేదాన్ని భయపడి వదిలేసి, చెరుపు చేసేదాన్ని పళ్లు బిగించి చేస్తారు.

ఒక యోగా శిబిరంలో నన్ను, కాళ్లు చాపి ముందుకు వంగే పశ్చిమోత్తానాసనంలో కూర్చోబెట్టి వీపు మీద చేయి వేసి నొక్కారు. వారం కష్టం ఒక్క నిమిషంలో పోయింది. ముందుకు వంగితే డిస్కు ముందువైపు నలిగి, లోపలి గుజ్జు వెనక్కి, అంటే నరం వైపుకి తోసుకొస్తుంది. పాదహస్తాసనం, హలాసనం కూడా ఈ కోవలోవే. సూర్యనమస్కారాల పన్నెండు భంగిమల్లో మూడోది, పదోది ఇదే వంగుడు. అక్కడ నేను మోకాళ్లు మడిచి, వీపు తిన్నగా ఉంచి, ఎదురుగా వేసుకున్న కుర్చీ మీద చేతులు ఆనించి ఆగుతాను. చూసేవాళ్లకి నవ్వొస్తే రానీ.

పొద్దున లేవగానే మొదలుపెట్టడం ఇంకో పొరపాటు. రాత్రంతా పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి, అందుకే పొద్దున మనం సెంటీమీటరు పైనే పొడుగుంటాం. నిండుగా గాలి కొట్టిన ట్యూబులా ఉన్న ఆ డిస్కుని వంచితే ఒత్తిడి బాగా ఎక్కువ. లేచాక కనీసం అరగంట, వీలైతే గంట, నడుం వంచే పనేదీ పెట్టుకోను. ధనుర్మాసంలో తెల్లవారుజామున నడుం వంచి ముగ్గు పెట్టడం ఈ లెక్కన అన్నిటికంటే చెడ్డది. ఒక మోకాలు నేలకి ఆనించి కూర్చుని పెడితే నడుం తిన్నగా ఉంటుంది.

ఆరు నెలలకి నొప్పి పూర్తిగా పోయింది. నిజమైన చిక్కు అప్పుడే మొదలైంది. నొప్పి ఉన్నన్నాళ్లూ చాప ఎవరూ గుర్తు చేయక్కర్లేదు, తగ్గాక గుర్తు చేసినా వినం. ఐదు వారాలు మానేశాను, పిర్రలో పాత సలుపు తిరిగొచ్చింది. జూన్ 21న యోగా దినోత్సవానికి నిండిపోయే మైదానం జూలైకి ఖాళీ అయ్యేదీ ఇందుకేనేమో, మొదటి రోజే గంట పెట్టుకుంటే పెళ్లిళ్లకీ ప్రయాణాలకీ అది తట్టుకోదు. నేను పన్నెండు నిమిషాలకి కుదించాను: పిల్లిలా చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపు కదిపే మార్జాలాసనం పదిసార్లు, సగం భుజంగాసనం, వెల్లకిలా పడుకుని నడుం లేపే సేతుబంధం పది శ్వాసలు, బోర్లా పడుకుని ఒక్కో కాలు లేపే అర్ధశలభం ఐదేసి, చివర మకరాసనం. తీరికున్న రోజున మిగతావి. జ్వరం వచ్చి లేస్తే మొదటి మూడు రోజులు అందులో సగమే.

కాలాన్ని బట్టి కొన్ని మారతాయి. రోహిణీకార్తెలో గోడలు రాత్రంతా వేడి వదులుతూనే ఉంటాయి, అందుకే సూర్యనమస్కారాలు రెండు దఫాలతో ఆపి, కొలిమి తిత్తిలా వేగంగా ఊపిరి తీసి వదిలే భస్త్రిక మాని, నాలుక మడిచి గాలి పీల్చే శీతలి తొమ్మిదిసార్లు చేస్తాను. నాలుక గొట్టంలా మడవటం రానివాళ్లు పళ్ల సందుల్లోంచి గాలి పీల్చే సీత్కారి చేయొచ్చు. చెమటకి అరికాళ్లు జారతాయి కాబట్టి చాప మీద జంపఖానా. వానాకాలంలో చాపని తడిమీద చుట్టి పెడితే రెండు రోజుల్లో బూజు వాసన, తుడిచి నీడలో ఆరేయాలి. ఎండలో వేస్తే ప్లాస్టిక్ చాప పెళుసెక్కుతుంది. శ్రావణమాసం పూజల్లో గంటలతరబడి కింద కూర్చోవాలంటే దుప్పటి నాలుగంగుళాల ఎత్తున మడిచి పిర్రల కింద పెట్టుకోవాలి, లేకపోతే నడుం వెనక్కి గుండ్రంగా కుంగిపోతుంది. చలికాలంలో ఆసనాలకి ముందు ఐదు నిమిషాలు గదిలోనే నడక.

సంక్రాంతికి ఊరెళ్లే బస్సులో నడుం ఒంపు దగ్గర చుట్టిన తువ్వాలు ఉంటుంది. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి, అరచేతులు నడుం మీద ఆనించి, నిలబడే పదిసార్లు వెనక్కి వంగుతాను. టీ కొట్టు దగ్గర వాళ్లకి ఇది అలవాటైన దృశ్యం కాదు.

కాలి బలం చూసుకోవడానికి నెల మొదటి రోజున మడమల మీద పదడుగులు, తర్వాత మునివేళ్ల మీద పదడుగులు. ఆ తర్వాత ఇంట్లో ఎవరో ఒకరు నా కుడి బొటనవేలిని అదిమి పట్టాలి. మొన్న మా అబ్బాయి పట్టాడు. "ఇంకా గట్టిగా నొక్కరా" అన్నాను.