అనుకుంటే విప్పుకునే పిడికిలి

నాన్నకు పక్షవాతం వచ్చి రెండేళ్లు దాటింది. నడుస్తున్నారు గానీ ఎడమ పిడికిలి విప్పలేరు. కుడిచేత్తో ఒక్కో వేలూ లాగి, అరచేతిలో చెమట తుడుచుకుంటారు. "ఆరు నెలల్లో వచ్చిందే వచ్చినట్టు" అని అందరూ తేల్చేశారు.

అమెరికాలో మేముండే సెయింట్ లూయిస్‌లోనే, వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధనల్లోంచి ఇప్సీహ్యాండ్ అనే పరికరం పుట్టింది. 2021లో అక్కడ మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ నుంచి అనుమతి వచ్చింది, అదీ ఆరు నెలలు దాటినవాళ్లకే! ఆపరేషన్ లేదు. తలకు మెదడు సంకేతాలు పట్టే ఈఈజీ పట్టీ, చేతికి మోటారు తొడుగు. చేయి కదపాలని అనుకుంటే ఆ సంకేతం అందుకుని తొడుగు చూపుడువేలినీ మధ్యవేలినీ విప్పుతుంది, మూస్తుంది.

నాకు తమాషాగా అనిపించింది ఇది. ఎడమ చేతిని కుడి మెదడు నడుపుతుందని స్కూల్లో చదివాం కదా? కదపాలనుకున్నప్పుడు ఎడమ మెదడులోనూ కొంత సంకేతం పుడుతుందట. దెబ్బ తగలని ఆ వైపు నుంచే దాన్ని పట్టుకుంటారు.

నాన్నకు ఇదంతా చెప్పాను. "అనుకోవడానికేం, రోజూ అనుకుంటూనే ఉన్నాను కదరా" అన్నారు. కాసేపాగి, "గుండు కొట్టించుకోవాలా?" అని అడిగారు.

అక్కర్లేదన్నాను.