ఈసారి ఇంపాక్ట్ రెంచ్‌ను చూసి కొన్నాను
నాలుగేళ్ల క్రితం ధర తక్కువని కొన్న ఇంపాక్ట్ రెంచ్ (దెబ్బలు కొడుతూ నట్లను విప్పే, బిగించే యంత్రం), మొన్న మా షెడ్డులో పాత కారు చక్రానికి తుప్పుపట్టిన నట్టును విప్పుతుండగా, కాలిన వాసన వేసి ఆగిపోయింది. విప్పి చూస్తే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగి గోరంత మిగిలాయి. లోపల తిరుగుతూ సుత్తిలా కొట్టే ఉక్కు దిమ్మ అంచులు అరిగి గుండ్రబడి, దెబ్బ పడవలసిన చోట జారిపోతున్నాయి. ఆ దిమ్మను చేతిలో పట్టుకున్నప్పుడు నిజంగా బాధ కలిగింది.

ఈసారి పెట్టె మీది పెద్ద అంకెను నమ్మలేదు, ఎందుకంటే అది చాలాసార్లు నట్టు విప్పే బలమే గాని బిగించే బలం కాదు. మామూలు కారు చక్రపు నట్లను సుమారు 100 నుంచి 120 న్యూటన్ మీటర్ల (తిప్పే బలానికి కొలత) బలంతో బిగిస్తారు. తుప్పుపడితే విప్పడానికి అంతకు రెండింతలు మించి కూడా కావలసి రావచ్చు. అందుకే సాకెట్ (నట్టు మీద కూర్చునే గిన్నెలాంటి ముక్క) తగిలించడానికి అర అంగుళం చదరపు మొన, 18 వోల్టుల బ్యాటరీ, అరిగిపోయే బ్రష్‌లే లేని బ్రష్‌లెస్ మోటారు, ముందుభాగానికి లోహపు తొడుగు ఉన్నదాన్ని ఎంచుకున్నాను. గాలితో నడిచేది రోజంతా పని ఉండే షాపుకు మేలే, కానీ 90 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దగ్గర నిలకడగా గాలినిచ్చే కంప్రెషర్ కావాలి, రోజూ నూనె చుక్కలు వేయాలి. ఇంటికి అంత ఏర్పాటు అనవసరమని నా అభిప్రాయం.

మెరిసే క్రోమ్ సాకెట్లను దీనికి తగిలించకండి, దెబ్బలకు పగిలి ముక్కలు కంట్లో పడవచ్చు. నల్లటి ఇంపాక్ట్ సాకెట్లు విడిగా కొన్నాను. చివరి బిగింపు మాత్రం ఇప్పటికీ, ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే టార్క్ రెంచ్‌తో, చేత్తోనే చేస్తున్నాను.