కొంగుముడి ఇంకా నల్లటి మచ్చే: నాలుగో ప్రయత్నం

మళ్లీ పాకింది. నిన్న సాయంత్రం అయిదింటికి, కలంకారీ బొమ్మకు సిద్ధం చేసిన బట్ట మీద కసిమిలో (ఇనుము, బెల్లం నీళ్లలో పులియబెట్టి చేసే నల్ల సిరా) కలం అద్ది మొదటి గీత గీశాను. పది సెకన్లు నిలిచినట్టే నిలిచి, చూస్తుండగానే రెండు పక్కలకూ వేళ్లు చాపుకొంది. ఒక మిల్లీమీటరు గీత ఆరేసరికి రెండున్నర మిల్లీమీటర్లయింది. మూడు వారాల శ్రమ ఇది. ఏడుపొక్కటే తక్కువ.

వేరే బొమ్మ అయితే ఈ పాకుడుతో సర్దుకునేదాన్ని. నేను వేస్తున్నది మా అమ్మమ్మ కొంగుముడి. తెనాలి దగ్గర ఆవిడ ఇంట్లో ఉన్నన్నాళ్లూ ఆ ముడి నా కళ్ల ముందే ఆడేది. అందులో బీరువా తాళంచెవి, రెండు రూపాయి బిళ్లలు, ఒక్కోసారి వక్క ఉండేవి. బిగుసుకుపోతే పంటితో లాగి విప్పేది. విప్పాక కూడా బట్ట ఆ ముడతలను వదిలేది కాదు. ఆ ముడతలే నా బొమ్మ: మూడు సెంటీమీటర్ల వెడల్పులో పదకొండు గీతలు, మధ్య రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ, అన్నీ ముడి మెడ దగ్గరికి చేరతాయి. కసిమి పాకితే ముందు మూసుకుపోయేది ఆ మెడే. అక్కడ తెలుపు కనిపించకపోతే ఎవరూ దాన్ని ముడి అనుకోరు, సిరా ఒలికిందనుకుంటారు.

ఇప్పటిదాకా చేసినవన్నీ రాసి పెడుతున్నాను. బట్ట ఒకటే, గంజి పూర్తిగా పోయేలా రెండుసార్లు ఉడికించిన గాడా, అంటే ముతక నూలు బట్ట. గీసేముందు దాన్ని ముంచి ఆరబెట్టేది వీటిలో: కరక్కాయ పొడి 60 గ్రాములు, పాలు అర లీటరు, నీళ్లు అర లీటరు. మార్చింది పాలు, ఆరబెట్టే పద్ధతి మాత్రమే.

మొదటిసారి ఇంట్లో ఉన్న టోన్డ్ పాల ప్యాకెట్టు పోశాను. గీత నాలుగు మిల్లీమీటర్లకు పాకింది. అందులో కొవ్వు మూడు శాతమే, బట్టలో సిరాను ఆపేది ఆ కొవ్వే కాబట్టి ఆశ్చర్యపోలేదు. రెండోసారి ఆరు శాతం కొవ్వున్న ఫుల్‌క్రీమ్ పాలతో మూడు మిల్లీమీటర్లకు దిగింది. మూడోసారి పాలు పోసే ఆయన్ని అడిగి కాచని గేదెపాలు తెప్పించాను. అసలు వింత అక్కడే బయటపడింది. తొంభై సెంటీమీటర్ల ముక్కను దండెం మీద వేలాడదీసి ఆరబెట్టి, ప్రతి పదిహేను సెంటీమీటర్లకూ ఒక గీత గీసి కొలిచాను. పైన మూడు, మధ్యలో రెండు, కింది అంచు దగ్గర 1.2 మిల్లీమీటర్లు! అదే కలం, అదే కసిమి, అదే చేయి. పాలన్నీ కిందికి జారి అంచులో చేరాయన్నమాట.

అందుకే నాలుగోసారి దండెం మానేసి, మేడ మీద చాప పరిచి, పది నిమిషాలకోసారి తిప్పుతూ ఆరబెట్టాను. ముక్క అంతటా గీత ఒకేలా వచ్చింది, కానీ అంతటా రెండున్నరే. పాలు సమంగా పరుచుకున్నాయి, చాలలేదు. మూడోసారి ముక్క కింది అంచు కథ వేరు. దానికి మిగతా బట్టకన్నా ఎంతో ఎక్కువ పాలు అందినట్టున్నాయి. అలాగని పాలు ఎంతైనా పోయవచ్చా అంటే అదీ కాదు. ఆ అంచు చిట్టచివర కసిమి బట్టకు అంటక, గీత చుక్కలు చుక్కలుగా తెగింది.

నాకు ఇంకో అనుమానం కసిమి మీద ఉంది. కరక్కాయ పట్టిన బట్ట మీద అది తగలగానే నల్లబడాలి. శ్రీకాళహస్తిలో కలంకారీ వేస్తుంటే చూసినప్పుడు కలం కదిలిన చోటల్లా నలుపు వెంటనే తేలింది. నాది ముందు బూడిదరంగులో కనబడి, నలుపెక్కడానికి రెండు నిమిషాలు తీసుకుంటోంది. కుండకు ఇరవై ఒక్క రోజులు నిండాయి, పులిసిన వాసన బాగానే ఉంది. అంటే రోజుల లోటు కాదు, ఇనుము లోటు. పావుకిలో మేకులకు మూడు లీటర్ల నీళ్లు పోశాను, ఎక్కువే. పైగా అవి కొత్త మేకులు, నూనె పోయేలా కాల్చలేదు. కసిమి పలచనైతే నలుపు కోసం చేయి తెలియకుండానే ఎక్కువ అద్దుతుంది, ఎక్కువ తడి ఎక్కువ పాకుతుంది. చాలావరకు దోషం ఇదేనని నా నమ్మకం. చెక్క అచ్చులతో బట్ట మీద అద్దేవాళ్లు కలిపినట్టు జిగురు కలిపితే పాకుడు ఆగవచ్చు గానీ, కలం నుంచి గీత సాఫీగా జారదు. నాకు ఆ జారుడే కావాలి.



ఇంత కష్టమెందుకు, సీసాల్లో దొరికే ఫ్యాబ్రిక్ రంగులు వాడవచ్చు కదా అని చాలామంది అడిగారు. ఆ రంగు బట్ట మీద పొరలా కూర్చుంటుంది, మడత పెడితే అట్టలా నిలుస్తుంది. మడతనే బొమ్మగా గీస్తూ మడవడానికి రాని బట్ట చేయలేను. ఇక నోటుపుస్తకంలో చిత్తు బొమ్మలకు అప్సర పెన్సిలు చాలు, విదేశీ పెన్సిళ్ల మీద పెట్టే డబ్బుతో రెండు మీటర్ల గాడా వస్తుంది. బట్ట మీద మాత్రం చింతపుల్లల బొగ్గే, దులిపితే పోతుంది.

ముందు దీన్ని గోడకు వేలాడదీసే బొమ్మగానే అనుకున్నాను. మధ్యలో అమ్మమ్మ ఇంటి తలుపు, కింద పసుపు రాసిన గడప. మనసు మార్చింది లేపాక్షి. వీరభద్రాలయం కప్పు మీద పదహారో శతాబ్దపు బొమ్మల్లో ఆడవాళ్ల చీరల మీద గళ్లు, చారలు, పువ్వులు చూస్తూ మెడ పట్టేసేదాకా నిలబడ్డాను. ఆ చిత్రకారులు దేవుడి కథకు ఎంత శ్రద్ధ పెట్టారో చీర నేతకూ అంతే పెట్టారు. కట్టుకునే బట్టను గోడ బొమ్మకన్నా తక్కువగా చూడడం అప్పుడే మానేశాను. రెండున్నర మీటర్ల దుపట్టా చేద్దామని అక్కడే నిశ్చయించుకున్నాను.

చెల్లికి కాగితం మీద నమూనా చూపిస్తే, తన పాత దుపట్టా తెచ్చి కుచ్చిళ్లు పెట్టి భుజం మీద పిన్ను గుచ్చింది. "అక్కా, నీ తలుపు ఇప్పుడు ఎక్కడుందో చూడు" అంది. ముప్పై ఆరు అంగుళాల వెడల్పు నాలుగు అంగుళాలకు ముడుచుకుంది, తలుపు మొత్తం మడతల్లోకి పోయింది. బయటికి కనబడేవి అంచు, రెండు కొసలు మాత్రమే. తలుపు తీసేశాను. గడప మీది ముగ్గు అంచు పొడవునా సాగుతుంది, ముడి కొసన ఉంటుంది, అమ్మమ్మ కొంగుకు ఉన్నచోటే.

పాత ఇనుప సామాన్ల కొట్లో ఎద్దు లాడాలు ఉన్నాయన్నారు, రేపు వెళ్లి చూడాలి. వాటిని కాల్చి, లీటరున్నర నీళ్లతో కొత్త కుండ పెడతాను. అది పులిసేలోపు ఇప్పుడున్న కసిమితోనే పాలు మూడు వంతులు, నీళ్లు ఒక వంతు కలిపిన ముక్క ఒకటి, పాత పాళ్లలోనే రెండుసార్లు ముంచిన ముక్క ఒకటి పరీక్షించాలి. గీత 1.3కు దిగితే ముడి మెడ తెరుచుకుంటుంది. ముగ్గు అంచుకు, అచ్చుల కలంకారీ చేసే పెడన నుంచి చెక్క అచ్చు తెచ్చి వాడితే ఎలా ఉంటుందో కూడా చూడాలని ఉంది. ఒకే బట్ట మీద కలం, అచ్చు రెండూ ఇముడుతాయో లేదో వేయకుండా తెలియదు, అందుకే వచ్చే నెల పెడన ప్రయాణం పెట్టుకున్నాను.