మడ్ అంటే మట్టి కాదు

మార్చిలో వారం సెలవులు రాగానే రూమ్మేట్లంతా ఫ్లోరిడా బీచ్‌లకి టికెట్లు వెతుక్కుంటుంటే, నేను కాలేజీ వాళ్ల ఆల్టర్నేటివ్ బ్రేక్ ట్రిప్‌కి, అంటే సెలవుల్లో వేరే ఊరెళ్లి సేవ చేసొచ్చే ట్రిప్‌కి, పేరిచ్చాను. సేవ మీద ప్రేమ పొంగి కాదు, ఖర్చు తక్కువని. రెండు వ్యాన్లలో పన్నెండు మందిమి న్యూ ఆర్లీన్స్ వెళ్లాం. చర్చి హాల్లో నేల మీద పడక, వంటకి వంతులు. (ఎఫ్-1 స్టూడెంట్ వీసా వాళ్లం వెళ్లొచ్చా అని టెన్షన్ పడ్డాను కానీ, జీతం లేని స్వచ్ఛంద పనే కదా, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగితే వెళ్లమన్నారు.)

ఇలాంటి ట్రిప్పులు కొత్తేమీ కాదు. ఇళ్లు కట్టించే హాబిటాట్ ఫర్ హ్యుమానిటీ అనే స్వచ్ఛంద సంస్థ 1989 నుంచే కాలేజీ పిల్లల్ని సెలవుల్లో ఇళ్లు కట్టడానికి పిలుస్తోంది. 2005 ఆగస్టులో కత్రినా తుఫానుకి గట్లు తెగి ఈ ఊరు మునిగిపోయాక, 2006 స్ప్రింగ్ బ్రేక్‌లో దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు వేలల్లో వచ్చి, మాస్కులు కట్టుకుని బూజు పట్టిన గోడలు పీకి, పాడైన సామాను ఈడ్చి రోడ్డు మీద పోశారు. పీకడానికి పెద్ద పనితనం అక్కర్లేదు, కావాల్సింది చేతులే. అప్పుడు వాళ్ల అవసరం నిజంగా ఉంది.

మా పని వేరు. ఆ తుఫానుకి బాగా దెబ్బతిన్న లోయర్ నైన్త్ వార్డ్ అనే పేటలో ఇప్పటికీ ఖాళీ స్థలాలున్నాయి, కొన్నిచోట్ల గడ్డిలో మూడు సిమెంటు మెట్లు మాత్రం మిగిలి ఉంటాయి, ఎక్కితే అవతల ఇల్లుండదు. ఆ దగ్గర్లోనే ఒక కొత్త ఇంటికి లోపలి గోడలు పూర్తి చేయాలి. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు డ్రైవాల్ పలకలు (గోడకి బిగించే జిప్సం పలకలు) అప్పటికే బిగించేశారు. పలకకీ పలకకీ మధ్య అతుకు మీద కాగితం టేపు అంటించి, దాని మీద తెల్లటి ముద్ద పూయాలి, దాన్నే అక్కడ మడ్ అంటారు. ఒక పూత ఆరడానికి దాదాపు ఒక రోజు, ఆరాక ఉప్పుకాగితంతో రుద్ది మళ్లీ పూత, అలా మూడు. చూడ్డానికి దోశ మీద వెన్న రాసినంత తేలిక. నేను రాస్తే మాత్రం గోడకి బొబ్బలెక్కినట్టు తేలింది.

ఆ ఇల్లు ఊరికే ఇచ్చేది కాదు. తీసుకునే ఆవిడ నెలనెలా అప్పు కట్టాలి, పైగా ఇన్ని గంటలని తనూ పని చేయాలి. అందుకే రోజూ మాతోనే ఉండేది. మొదటి రోజే నా చేతిలో మడ్ పూసే వెడల్పాటి కత్తి చూసి, "అంత దట్టంగా కాదు బేబీ, గోడ ఆకలితో లేదు" అంది. ఆ ఊళ్లో అందరూ అందరికీ బేబీలే.

వ్యాన్ల అద్దె, పెట్రోలు, తిండి అన్నీ లెక్కేస్తే, ఆ డబ్బు పంపించి ఉంటే చేయి తిరిగిన పనివాడు మా వారం పని మూడు నాలుగు రోజుల్లో ముగించేవాడేమో. ఈ మాట రాత్రి కూర్చుని మాట్లాడుకునేటప్పుడు అన్నాను, ఎవరికీ నచ్చలేదు. నేనైతే ఇప్పటికీ అదే అంటాను. కాకపోతే ఆ పని ఏడాది పొడవునా నడిపించే స్థానికులున్నారు కాబట్టి మా తప్పులు గోడ మీద మిగల్లేదు.

శుక్రవారం లంచ్‌కి అందరూ బయట కూర్చున్నారు. నీళ్ల సీసా కోసం లోపలికి వెళ్తే, ఆవిడ స్టూలెక్కి నేను పూసిన మూల గీకేసి మళ్లీ పూస్తోంది. నన్ను చూడలేదు. సీసా తీసుకుని చప్పుడు చేయకుండా బయటికొచ్చేశాను.